తీగ సాగాలి, పక్క తీగ కదలకూడదు

గిటార్ సందేహాలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఒకటే. అమెరికా కంట్రీ సంగీతంలో గిటార్ మీద ఒక తీగ సాగుతుంటే మిగతావి నిలకడగా మోగుతుంటాయి కదా, ఆ శబ్దం మా చేతికి ఎందుకు రావడం లేదని అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. అన్నిటికంటే సన్నని తీగ ఒకటోది, లావుది ఆరోది. ట్యూనింగ్ మామూలుదే.

కార్డ్స్, సినిమా పాటలు బాగానే వాయిస్తాను. కంట్రీ పాటల్లో మాత్రం ఒక తీగ పైకి జారుతుంటే పక్కవి అలాగే మోగుతాయి, వింటుంటే అసలు గిటారేనా అనిపిస్తుంది. అది పట్టుబడేలా ఒక్క లిక్ (చిన్న స్వరాల వరస) పూర్తిగా చెప్పండి. చూసి వాయించే ట్యాబ్ కాదు, ఏ వేలు ఎక్కడో కావాలి. – ఓ పాఠకుడు, కొండాపూర్

మీ చెవి సరిగ్గానే పట్టింది. ఆ శబ్దం పుట్టిల్లు పెడల్ స్టీల్. కాళ్ల మీద నిలబెట్టిన బల్లలాంటి వాద్యమది. పెడల్ తొక్కితే ఎంచుకున్న తీగలు మాత్రమే బిగుస్తాయి, తక్కినవి ఉన్నచోటే ఉంటాయి. వాళ్ల ‘ఈ నైన్త్’ ట్యూనింగ్‌లో ఒక పెడల్ ‘బి’ తీగల్ని ‘సి షార్ప్’ దాకా, అంటే సరిగ్గా ఒక టోన్, లేపుతుంది. 1954లో వచ్చిన, బడ్ ఐజాక్స్ వాయించిన రికార్డులో ఈ జారుడు విన్నాక స్టీల్ వాద్యకారులు వరసగా పెడళ్లు బిగించుకున్నారు. కాలు చేసే ఆ పనిని గిటార్ వాళ్లు వేలితో చేయడం మొదలుపెట్టారు. మనం నేర్చుకునేది అదే.

శ్రుతి ‘డి’. చోటు 9, 10 ఫ్రెట్లు. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర రెండు, మూడు ఫ్రెట్లలో మొదలుపెట్టకండి, అక్కడ తీగ మొండిగా ఉంటుంది. మెడ మధ్యకు వచ్చేకొద్దీ మెత్తబడుతుంది.

చెయ్యి ఇలా పెట్టండి. మూడో తీగ 9వ ఫ్రెట్‌లో మధ్యవేలు. దాని వెనకే, అదే తీగ మీద 8వ ఫ్రెట్‌లో చూపుడువేలు. ఇది స్వరం కోసం కాదు, నెట్టడానికి తోడు. రెండో తీగ 10వ ఫ్రెట్‌లో ఉంగరపు వేలు. ఒకటో తీగ 10వ ఫ్రెట్‌లో చిటికెనవేలు. మధ్యవేలి కింద ఉన్నది ‘ఈ’. దాన్ని నాలుగో తీగ వైపు, అంటే మీ గడ్డం వైపు, నెడితే ‘ఎఫ్ షార్ప్’ కావాలి. ఉంగరపు వేలి కింద ‘ఏ’, చిటికెనవేలి కింద ‘డి’. మూడూ కలిస్తే నిండైన డి మేజర్.

మెట్రోనోమ్ 60లో పెట్టుకుని, ఒక్కో బీట్‌కి ‘తక’ అనుకోండి.

మొదటి బార్. ఒకటో బీట్ ‘త’ మీద మూడో తీగ మీటి, ‘క’ పడేసరికి ఎఫ్ షార్ప్‌కి చేర్చాలి. రెండో బీట్ ‘త’ మీద రెండో తీగ, ‘క’ మీద ఒకటో తీగ. ఈ రెండూ మీటేటప్పుడు మూడో తీగ పైనే నిలబడి ఉండాలి. మూడో బీట్‌లో ఏమీ మీటొద్దు, మూడింటినీ మోగనివ్వండి. నాలుగో బీట్‌లో మళ్లీ మీటకుండా మూడో తీగను మెల్లగా ‘ఈ’కి దింపండి. ‘క’ పూర్తయ్యేలోపు కుడి అరచేతి అంచుతో అన్నిటినీ ఆపేయండి.

రెండో బార్. చెయ్యి కాస్త వెనక్కి జరిపి చూపుడువేలు 7వ ఫ్రెట్‌కి తెచ్చుకోండి. ఒకటో బీట్‌లో రెండో తీగ 10, తర్వాత 7. రెండో బీట్‌లో మూడో తీగ 9, 7. మూడో బీట్‌లో నాలుగో తీగ 9, 7. నాలుగో బీట్‌లో మూడో తీగ 7. అది డి, ఇల్లు చేరినట్టే. 10 చిటికెనవేలితో, 9 ఉంగరపు వేలితో, 7 చూపుడువేలితో.

ఇక చాలామంది తప్పేది ఎక్కడో చెబుతాం. రాక్, బ్లూస్ వాయించే వాళ్లకు బెండ్ (తీగను పక్కకు నెట్టి శ్రుతి పెంచడం) అంటే మణికట్టు తిప్పడం. బొటనవేలు మెడ పైకి తెచ్చి, తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిప్పితే తీగ లేస్తుంది. ఒంటి తీగకు అది మంచి పద్ధతే. ఇక్కడ మాత్రం మణికట్టుతో పాటు ఉంగరపు వేలు, చిటికెనవేలు కూడా తిరుగుతాయి. మూడో తీగ టోన్ ఎక్కుతుంటే రెండోది, ఒకటోది కూడా పావు టోన్ ఎక్కేస్తాయి. అప్పుడు వినేవాళ్లకు గిటార్ శ్రుతి తప్పిందనిపిస్తుంది. అందుకే మణికట్టు తిప్పడం సగానికి తగ్గించి, తక్కిన బలాన్ని మధ్యవేలు, చూపుడువేలు కణుపుల దగ్గర నుంచి తెచ్చుకోవాలి.

దీనికి ఒక పరీక్ష ఉంది, లిక్ జోలికి వెళ్లకముందే వారం పాటు రోజూ చేయండి. చెయ్యి పైన చెప్పినట్టే పెట్టి, మూడో తీగను అసలు మీటకండి. ఒకటి, రెండు తీగలు మాత్రమే మీటి, అవి మోగుతుండగా మూడోదాన్ని చప్పుడు లేకుండా నెట్టి దింపండి. ఆ రెండు తీగల శబ్దం గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. ఊగిందా, వేళ్లు వెంట కదులుతున్నాయన్నమాట. మొదట్లో అందరికీ ఊగుతుంది. చిటికెనవేలు నిటారుగా, గోరు కిందుగా ఉండేలా దించి, నేరుగా ఫ్రెట్‌బోర్డు లోపలికి నొక్కితే నిలుస్తుంది. వేలు పడుకోబెడితే నిలవదు.

ఎత్తు సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి రెండో తీగ 7వ ఫ్రెట్ వాడండి, అక్కడ ఉన్నది అదే ఎఫ్ షార్ప్. చూపుడువేలితో దాన్ని పట్టుకుని, ఉంగరపు వేలితో మూడో తీగ 9ని నెడుతూ రెండూ కలిపి మీటండి. దగ్గర పడేకొద్దీ ‘వావ్‌వావ్‌వావ్’ అని తొందరగా కొట్టుకునే అల నెమ్మదిస్తుంది. పూర్తిగా ఆగిన చోటే సరైన ఎత్తు. అక్కడ వేలికి ఎంత బరువు తగులుతోందో గుర్తుపెట్టుకోండి. తర్వాత చూసేది ఆ బరువునే.

‘డి’ వచ్చాక మిగతా రెండు కార్డులూ అక్కడే దొరుకుతాయి. పాట ‘జి’ మీదికి వెళ్తే రెండో తీగ 10ని ఉంగరపు వేలితో ఒక టోన్ నెట్టి, చిటికెనవేలితో ఒకటో తీగ 10ని పట్టుకోండి: బి, డి వస్తాయి. ‘ఏ’ మీదికి వెళ్తే అదే ఆకారం 12వ ఫ్రెట్‌లో: సి షార్ప్, ఈ. ఈ రెండింట్లో మధ్యవేలు, చూపుడువేలు ఉంగరపు వేలి వెనకే అదే తీగ మీద తోడుగా ఉండాలి. రెండో తీగ లేచేటప్పుడు మూడో తీగకు తగిలి దాన్నీ తోసుకుపోతుంది. దింపేటప్పుడు మూడోది ‘టంగ్’మని మోగకుండా చూపుడువేలి కొసతో దాన్ని అణచి ఉంచండి.

వేగం 60 నుంచి నాలుగేసి చొప్పున పెంచండి. 90 దాటాల్సిన తొందర ఏమీ లేదు, నెమ్మదిగా ఉన్న పాటల్లోనే ఈ లిక్ అందం తెలుస్తుంది.

ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను, తీగ లాగడం నాకు కొత్త కాదు. కానీ గిటార్ మీద బెండ్ వాయిస్తే మా తమ్ముడు ‘అక్కా, ఇది కంట్రీలా లేదు, కచేరీలా ఉంది’ అంటున్నాడు. తేడా ఎక్కడుందండీ? – విద్యానగర్ నుంచి ఓ పాఠకురాలు

పైన కొండాపూర్ వారికి చెప్పిన లిక్‌ను ‘డి’ షడ్జమంగా పెట్టుకుని స్వరాల్లో రాసుకోండి. రి నుంచి గ, ప, పై స. తర్వాత ప గ, రి స, మంద్ర ద ప, స. మోహనం స్వరాలే. కాబట్టి స్వరస్థానాల గురించి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. తేడా మూడు చోట్ల ఉంది.

మొదటిది, చేరాక ఏం చేస్తారన్నది. వీణ మీద గాంధారం చేరాక మీ వేలు తెలియకుండానే దాన్ని కాస్త ఊపుతుంది, అది మీ సాధన. కంట్రీలో గాంధారం చేరాక కదలకూడదు. పెడల్ పూర్తిగా తొక్కాక తీగ అక్కడే ఆగుతుంది కదా, అలా. ఊపు కావాలంటే చివర్లో, అదీ చాలా కొద్దిగా.

రెండోది, ఎప్పుడు చేరతారన్నది. ఆలాపనలో మీకు నచ్చినంత సేపు తీసుకోవచ్చు. ఇక్కడ దారి కూడా తాళంలో భాగమే. ‘త’ మీద బయల్దేరితే ‘క’ మీద చేరాల్సిందే. ఒకే బెండ్‌ను మూడు రకాలుగా సాధన చేయండి: మీటిన క్షణంలోనే ఎగిరి చేరడం, అర బీట్ తీసుకుని చేరడం, మీటకముందే నెట్టి ఉంచి మీటాక దింపడం. మూడోది కష్టం, ఎందుకంటే చెవికి ఆధారం ఉండదు, వేలి బరువే లెక్క. వీణ చేసినవాళ్లకు ఇది మిగతావాళ్లకంటే త్వరగా వస్తుంది.

మూడోది, పక్క తీగ. వీణలో తాళపు తీగలు మూడూ పక్కన వాటి మానాన మోగుతాయి, వాటిని ఎడమచేయి పట్టుకోనక్కర్లేదు. గిటార్‌లో శ్రుతి పట్టే వేళ్లూ, తీగ లాగే వేళ్లూ ఒకే చేతివి. మీకు కొత్తగా నేర్చుకోవాల్సింది నిజానికి ఇదొక్కటే. పైన చెప్పిన చప్పుడు లేని పరీక్ష మీకు బాగా పనికొస్తుంది.

ఇంకో మాట. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌కు మామూలుగా ఉండే జంట తీగలు వదిలి ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించారు. జంట తీగలు రెండూ ఒకే కొలతలో సాగడం కష్టం. మీ ఇంట్లో 12 తీగల గిటార్ ఉంటే దాని మీద ఈ సాధన వద్దని చెప్పడం ఇందుకే.

తంబురా యాప్‌ను ‘డి’లో పెట్టుకుని బెండ్ సాధన చేస్తున్నాను. చెవికి హాయిగా అనిపించిన చోట ఆపితే ట్యూనర్ తక్కువుందని చూపిస్తోంది. ట్యూనర్ చెప్పిన చోటికి లేపితే చెవికి గుచ్చుకుంటోంది. ఎవరిని నమ్మాలి? – ఓ పాఠకుడు, తార్నాక

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తంబురా శ్రుతికి సహజంగా ఒదిగే గాంధారం షడ్జమానికి 5/4 వంతు. డి 293.66 హెర్ట్జ్ అయితే అది దాదాపు 367. గిటార్ ఫ్రెట్లు మాత్రం స్థాయిని 12 సమాన భాగాలుగా పంచిన లెక్కలో ఉంటాయి, ఆ లెక్కలో ఎఫ్ షార్ప్ 370. తేడా 14 సెంట్లు, అంటే ఫ్రెట్టు దూరంలో ఏడో వంతు. రెండూ కలిపి మోగిస్తే సెకనుకు మూడు అలలు వినిపించేంత తేడా.

కీబోర్డుతో, ఇంకో గిటార్‌తో కలిసి వాయించేటప్పుడు 370 దగ్గరే ఆగాలి, లేకపోతే మీరు తక్కువగా వినిపిస్తారు. ఒంటరిగా, లేదా కింద బేస్ మాత్రమే ఉన్నప్పుడు కాస్త తక్కువలో ఆపితే ఏ, డి తీగలతో కలిసి చక్కగా ఒదుగుతుంది. స్టీల్ వాద్యకారుల్లో చాలామంది తమ గాంధారాన్ని ట్యూనర్ చెప్పినదానికంటే కొద్దిగా కిందే ఉంచుకుంటారు. అందుకే వాళ్ల కార్డు అంత తియ్యగా ఉంటుంది. సాధనలో వారంలో కొన్ని రోజులు తంబురాతో, కొన్ని రోజులు రెండో తీగ 7వ ఫ్రెట్‌తో పోల్చుకుంటూ చేయండి. చేతికి రెండు చోట్లూ తెలియాలి.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, స్ట్రాటోకాస్టర్ రకం గిటార్ కొనిచ్చాం. ఒక తీగ సాగదీస్తే మిగతావన్నీ శ్రుతి దిగిపోతున్నాయి, గిటార్ పాడైందేమో, మార్చేయమంటున్నాడు. నిజంగా పాడైనట్టేనా? – మల్కాజిగిరి నుంచి ఓ తండ్రి

మార్చక్కర్లేదండీ, గిటార్ బాగానే ఉంది. ఆ బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. ముందు వైపు ఆరు తీగల లాగుడు, వెనక గూట్లో స్ప్రింగుల లాగుడు సమానంగా ఉన్నంతసేపూ అది కదలదు. బాబు ఒక తీగ సాగదీయగానే తీగల వైపు బలం పెరిగి బ్రిడ్జి ముందుకు ఒరుగుతుంది, మిగతా ఐదు తీగలూ వదులవుతాయి. ఒంటి తీగ వాయించేవాళ్లకు ఇది పెద్దగా తెలియదు. పక్క తీగలు మోగుతూ ఉండే కంట్రీ బెండ్‌లో వెంటనే బయటపడుతుంది.

ఊపే రాడ్ వాడే అలవాటు లేకపోతే బ్రిడ్జిని బాడీకి ఆనించేయడం మేలు. గిటార్ వెనక ప్లాస్టిక్ మూత విప్పితే స్ప్రింగులు, వాటిని పట్టుకున్న కొక్కేల పట్టీ, ఆ పట్టీకి రెండు పెద్ద స్క్రూలు కనిపిస్తాయి. స్ప్రింగులు సాధారణంగా మూడు ఉంటాయి, ఐదింటికి చోటుంటుంది. ఇంకోటో రెండో తగిలించండి. తర్వాత స్క్రూలను చెరి అర చుట్టు బిగించి, తీగలన్నీ మళ్లీ ట్యూన్ చేసి, బ్రిడ్జి వెనక అంచు కింద సందు చూడండి. సందు పోయేదాకా అర చుట్టు చొప్పునే వెళ్లండి. ట్యూన్ చేయకుండా వరసగా బిగించుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలియదు.

ఆనింది సరే, బెండ్ చేసినా లేవకుండా ఉందో లేదో చూడాలి. క్లిప్ ట్యూనర్ పెట్టి ఒకటో తీగ మీటి, మూడో తీగను ఒక టోన్ నెట్టండి. సూది కదలకపోతే పనైపోయింది. ఇంకా దిగుతుంటే స్ప్రింగుల బలం చాలలేదు, ఇంకో అర చుట్టు. బ్రిడ్జి కిందికి దిగినందువల్ల తీగలు ఫ్రెట్లకు తగిలి బుర్రుమంటాయేమో చూసి, శాడిల్స్‌ను (బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్కలు) చిన్న ఆలెన్ కీతో కొద్దిగా లేపుకోవాలి.

స్క్రూలతో కుదరకపోతే చెక్క ముక్క. వెనక గూట్లో లోహపు దిమ్మ ఉంటుంది. దానికీ గిటార్ కింది చివర వైపు గోడకూ మధ్య ఉన్న సందు కొలిచి, సరిగ్గా అంత మందం టేకు ముక్క చేయించి దోపండి. బెండ్ చేసేటప్పుడు దిమ్మ జరిగేది ఆ వైపే. స్ప్రింగులున్న వైపు దోపితే ఈ సమస్యకు ఉపయోగం లేదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ముక్క వదులుగా ఉన్నా లాభం ఉండదు, వేలితో నొక్కితే బిగువుగా దిగాలి.

టెలికాస్టర్ రకం గిటార్లలో బ్రిడ్జి బాడీకే బిగించి ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. కంట్రీ వాళ్లకు అదంటే ఇష్టం ఉండటానికి ఇదొక కారణం.

హాస్టల్‌లో ఉంటాను, అకూస్టిక్ గిటార్ ఒక్కటే ఉంది. మూడో తీగ ఎంత నెట్టినా సగం కూడా లేవట్లేదు, వేలు కోసుకుపోతోంది. బలం చాలకా? – దిల్‌సుఖ్‌నగర్

బలం కాదు, తీగ. అకూస్టిక్ సెట్లలో మూడో తీగకు పైన సన్న చుట్టు ఉంటుంది, 12 సెట్‌లో (ఒకటో తీగ 0.012 అంగుళం ఉన్న సెట్) దాని మందం 0.024 అంగుళం. చుట్టిన తీగలో బరువు ఎక్కువ, లాగుడు భరించే లోపలి తీగ సన్నం, అందుకే ఎంత సాగదీసినా శ్రుతి తక్కువ పెరుగుతుంది. ఎలక్ట్రిక్ 9 సెట్‌లో మూడో తీగ చుట్టు లేని 0.016. అది ముట్టుకుంటే లేస్తుంది.

దారి రెండు. సెట్ మొత్తం మార్చకుండా మూడో తీగ ఒక్కటి 0.018 లేదా 0.020 సాదా తీగ వేసుకోండి. వాద్యాల దుకాణాల్లో విడి తీగ అడిగితే ఇస్తారు. అకూస్టిక్ శాడిల్ చుట్టిన తీగకు తగ్గట్టు చెక్కి ఉంటుంది కాబట్టి, సాదా తీగ పై ఫ్రెట్లలో కాస్త ఎక్కువ శ్రుతిలో పలుకుతుంది. ఓపెన్ తీగను వెంట్రుకవాసి తక్కువగా ట్యూన్ చేసుకుంటే సర్దుకుంటుంది. లేదంటే గిటార్ మొత్తాన్ని అర టోన్ దించి, పైన చెప్పిన జి ఆకారం, అంటే రెండో తీగ బెండ్ మాత్రమే సాధన చేయండి. రెండో తీగ అన్ని సెట్లలోనూ సాదాదే.

మూడో తీగకు సరిపోయే నెట్టుడు రెండో తీగకు చాలట్లేదు, ఒకటో తీగకు అసలు చాలట్లేదు. సన్న తీగ సులువుగా లేవాలి కదా? – మెహదీపట్నం

వేలికి సులువే, దూరం మాత్రం ఎక్కువ కావాలి. తీగ లావును బట్టి దాని లాగుడు అంతగా పెరగదు: 9 సెట్‌లో 0.009 తీగకూ 0.016 తీగకూ బిగువు దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. కానీ లావు తీగను ఒకే దూరం నెడితే బిగువు ఎక్కువగా పెరుగుతుంది. అందుకే సాదా తీగల్లో మూడోది కొద్దిపాటి నెట్టుడుకే లేస్తుంది, రెండోదానికి ఇంకొంత, ఒకటోదానికి ఇంకా ఎక్కువ దూరం. మూడింటి దూరాలూ చేతికి విడివిడిగా నేర్పాల్సిందే.

ఒకటో తీగను పై ఫ్రెట్లలో ఒక టోన్ నెడితే శబ్దం మధ్యలోనే చచ్చిపోతోంది. – ఉప్పల్

ఫ్రెట్‌బోర్డు గుండ్రం ఎక్కువ ఉన్న గిటార్లలో, అంటే 7.25 అంగుళాల రేడియస్ ఉన్న పాత నమూనాల్లో, తీగ పక్కకు జరిగి మధ్య మిట్ట మీదికి ఎక్కి ముందు ఫ్రెట్లకు తగులుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర ఒకటో తీగ ఎత్తు కొలవండి. 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే శాడిల్‌ను పావు చుట్టు చొప్పున 2 దాకా లేపి చూడండి. అప్పటికీ ఒకే ఫ్రెట్ దగ్గర ఆగుతుంటే ఆ ముందున్న ఫ్రెట్ ఒకటి లేచి ఉంది. అది పనివాడి చేతికి ఇవ్వాల్సిందే.

నాలుగు బెండ్లు వాయించేసరికి మూడో తీగ శ్రుతి దిగిపోతుంది. ట్యూన్ చేసేటప్పుడు నట్ దగ్గర ‘టిక్’మని చప్పుడు వస్తోంది. – కూకట్‌పల్లి

ఆ ‘టిక్’ చప్పుడే జబ్బు పేరు. నట్ గాడిలో తీగ ఇరుక్కుంది. నెట్టినప్పుడు కాస్త తీగ మెడ వైపుకి జారుతుంది, దింపాక వెనక్కి వెళ్లదు, అందుకే శ్రుతి దిగుతుంది. తీగ వదులు చేసి గాడిలోంచి తీసి, 2బి పెన్సిల్ మొన గాడిలో నాలుగైదు సార్లు రుద్దండి. గ్రాఫైట్ జారుడుగా పనిచేస్తుంది. దానికీ తగ్గకపోతే గాడి ఆ తీగకు ఇరుకు, సన్నగా అరగదీయించాలి. మీరే చేయకండి, లోతు పెరిగితే ఓపెన్ తీగ బుర్రుమంటుంది.

ట్యూనింగ్ పెగ్ మీద సాదా తీగకు మూడు చుట్లు చాలు, ఒకదాని కింద ఒకటి పడాలి. కొత్త తీగ వేశాక 12వ ఫ్రెట్ దగ్గర వేళ్లతో మెల్లగా పైకి లాగి మళ్లీ ట్యూన్ చేయడం మూడు నాలుగు సార్లు చేయండి. ఆ పని చేయకుండా బెండ్ సాధన మొదలుపెడితే నెపం నట్ మీదికి పోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో చెమట చేతితో వాయించి అలాగే స్టాండ్‌లో పెట్టేస్తే సాదా తీగలకు వారంలోనే తుప్పు గరుకు వస్తుంది, బెండ్ చేస్తుంటే ఇసుక మీద లాగినట్టు ఉంటుంది. వాయించాక పొడి గుడ్డతో ఒక్కో తీగనూ కింది వైపు కూడా తుడవండి. ఫ్రెట్లే గరుకుగా ఉంటే ఫ్రెట్‌బోర్డు చెక్కకు మాస్కింగ్ టేప్ అంటించి, 0000 నంబర్ ఉక్కు ఉన్నితో రుద్దాలి. పికప్‌లను కూడా టేప్‌తో పూర్తిగా కప్పండి. లేకపోతే ఉక్కు పొడి అయస్కాంతాలకు అంటుకుని మళ్లీ రాదు.

రెండు మూడు తీగలు ఒకేసారి ‘టక్’మని పలకడం నాకు రావట్లేదు, పిక్‌తో గీస్తే స్ట్రమ్ చేసినట్టు ఉంటుంది. – సైనిక్‌పురి

పిక్ ఒక్కటే చాలదు. పిక్‌ను బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని మూడో తీగకు వాడండి. రెండో తీగ మధ్యవేలితో, ఒకటో తీగ ఉంగరపు వేలితో. మూడింటినీ చిటికెతో గిల్లినట్టు ఒకేసారి అరచేతి వైపు లాగాలి. గోరు వేలి కొసకంటే ఒక మిల్లీమీటరు బయటికి ఉంటే చాలు. చర్మం, గోరు రెండూ తగిలితే శబ్దం నిండుగా ఉంటుంది. పిక్ గట్టిగా, వేళ్లు మెత్తగా పలుకుతుంటాయి మొదట్లో. పిక్ బలం తగ్గించండి, వేళ్ల బలం పెంచకండి.

గిటార్‌లో బ్రిడ్జి పికప్, ఆంప్‌లో డిస్టార్షన్ లేకుండా. కంప్రెసర్ ఉంటే కొద్దిగా, ఎందుకంటే నెట్టి నిలిపిన మూడో బీట్‌లో శబ్దం తగ్గిపోకుండా పట్టి ఉంచుతుంది. డిలే 100 మిల్లీసెకన్ల దగ్గర, ఒక్క ప్రతిధ్వని.

బి-బెండర్ బిగించిన గిటార్ కొంటే ఇదంతా తప్పుతుందా? – గచ్చిబౌలి

1960ల చివర్లో క్లారెన్స్ వైట్, జీన్ పార్సన్స్ టెలికాస్టర్‌లో బిగించిన యంత్రం అది. గిటార్ మెడను కిందికి నొక్కితే భుజపట్టీ లాగుడుకు రెండో తీగ ఒక టోన్ లేస్తుంది. మంచి సాధనం, కానీ లేపేది రెండో తీగ ఒక్కదాన్నే. పైన చెప్పిన లిక్‌లో సాగేది మూడో తీగ. పైగా ఎత్తు ఎంతో యంత్రం చూసుకుంటుంది గానీ, ఎప్పుడు చేరాలో మీ భుజమే చూసుకోవాలి. ముందు వేళ్లతో ఆరు నెలలు వాయించి, అప్పటికీ కావాలనిపిస్తే ఆలోచించండి.

రోజూ గంటన్నర బెండ్లే వాయిస్తున్నాను. వేలి కొసలు మండటం సరే, మణికట్టు లోపలి వైపు కూడా నొప్పి మొదలైంది. – ఈసీఐఎల్

వేలి కొసల మంట రెండు మూడు వారాల్లో చర్మం గట్టిపడి పోతుంది. మణికట్టు నొప్పి అలాంటిది కాదు, దాన్ని భరిస్తూ వాయించకండి. నొప్పి తగ్గేదాకా బెండ్లు ఆపండి, వారం దాటినా ఉంటే డాక్టర్‌కు చూపించండి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు 9 సెట్ వేసుకుని, పది నిమిషాలు ఒకసారి, సాయంత్రం ఇంకో పది నిమిషాలు చాలు. కూర్చున్నప్పుడు గిటార్ మెడ నేలకు సమాంతరంగా కాకుండా కాస్త పైకి ఎత్తి ఉంటే మణికట్టు మడత తగ్గుతుంది. అద్దంలో చూసుకోండి: చూపుడువేలి కణుపు నుంచి ముంజేయి వరకు దాదాపు ఒకే గీతలా కనిపించాలి. నెట్టేటప్పుడు తోడు వేలు నిజంగా నెడుతోందా, ఊరికే ఆని ఉందా అన్నది కూడా గమనించండి. ఊరికే ఆని ఉంటే భారమంతా ఒక్క వేలి మీద, దాని వెంట మణికట్టు మీద పడుతోంది.